సామాన్ల దగ్గర ఎవరుంటారు

ఎడమ పాదం అడ్డంగా పెట్టు, బరువు వెయ్యకు, ముందు నొక్కి చూడు, రాయి కదలకపోతేనే రెండో కాలు ఎత్తు. భిలాయి దగ్గర నందిని గనుల వెనక తవ్విపోసిన రాళ్ళదిబ్బ మీద నా నేస్తం మణిమాల నాకు నేర్పిన పాఠం ఇది. చలికాలం పొద్దుటి పూటలు అప్పడాలు ఒత్తడానికని ఇంట్లో చెప్పి వెళ్ళేదాన్ని. ఆ తెల్లటి దిబ్బ ఎక్కి దిగి, కుచ్చిళ్ళకంటిన సున్నపురాయి పొడి దులుపుకుని ఇంటికొచ్చేదాన్ని. అప్పడాలేవే అని మా ఆయన ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు కాలికింద ఉన్నది దిబ్బ కాదు. జోధ్‌పూర్ నుంచి పడమటికి బస్సులో వచ్చీ వచ్చీ, ఇక ఇసకా ముళ్ళపొదలూ తప్ప ఏమీ ఉండవని నమ్మేసిన చోట లేచి నిలబడ్డ రాతికొండ. పచ్చగా ఒక్క ఆకు లేదు. పెనం మీద మరిచిపోయిన అట్టులా ఉంది, అంచులు నల్లగా, నడుమ ఎర్రగా. నా కాళ్ళకి మా ఆయన సేఫ్టీ షూస్. ముందువైపు ఇనప తొడుగున్నవి, స్టీలు ప్లాంటు వాళ్ళిచ్చినవి, ఆయన రిటైరయ్యాక పెట్టెతో సహా మంచం కింద ఉండిపోయినవి. రెండు జతల మేజోళ్ళు తొడిగితే నాకు సరిపోయాయి. చీర కింద ఆ బూట్లు చూసి బస్సంతా నవ్వింది. నవ్వనీ. ఈ పొద్దు నేను ఈ కొండ పైకి వెళ్తాను. పైన ఏముందో నా కళ్ళతో చూసి దిగుతాను. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

కింద జమ్మిచెట్టు దగ్గర సామాన్లున్నాయి. చూడకూడదని అనుకుంటూనే ఉన్నాను, మెడ దానంతటదే తిరుగుతుంది. పెద్ద కుక్కరు, చిన్న కుక్కరు, బియ్యం మూట, ఆవకాయ జాడీ, పప్పుల డబ్బాలు, దుప్పట్ల కట్టలు, అందరి బ్యాగులూ కలిపి ఒక కుప్ప. ఆ కుప్ప పక్కన ఎవరిదో పెట్టె మీద కూర్చుని, తల మీద తెల్ల తువ్వాలు వేసుకుని, మా ఆయన చిన్నారావుగారు. ఇంత దూరం నుంచి చూస్తే తువ్వాలు ఒక్కటే తెలుస్తోంది, బియ్యంలో వడ్లగింజలా. బియ్యం మూట కింద ఇసక తడిగా ఉందేమో, రాత్రి మంచు కురిసింది, చెప్పాల్సింది, ఒక గోనె పరవమని చెప్పాల్సింది. వద్దు. నాకెవరూ చెప్పలేదు. నేనే నేర్చుకున్నాను. ఆయనా నేర్చుకుంటారు. ఎడమ పాదం, అడ్డంగా, నొక్కి చూడు.

పొద్దున్న బస్సు దిగగానే సూర్యారావన్నయ్య ఈల ఊదాడు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ ఈల ఆయన మెళ్ళోంచి దిగలేదు. మా సెక్టర్ 7 వాళ్ళం ఎక్కడికి బయల్దేరినా ఆయనే లీడరు. ఈల ఊదాక ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు, "సామాన్ల దగ్గర ఎవరుంటారు?" అని. అది ప్రశ్న కాదు. గుళ్ళో గంట కొట్టినట్టు, ఒక అలవాటు. అడుగుతూనే చేతిసంచీ తెచ్చి నా పక్కన పెట్టేశాడు. అతని వెనక ఇంకొకరు, ఇంకొకరు. అప్పుడు నేను వంగుని బూటు లేసు కట్టుకుంటున్నాను. తలెత్తకుండానే, "మా ఆయనుంటారు," అన్నాను. నవ్వులు. ఆయనా నవ్వారు. నేను నవ్వలేదని తెలిశాక ఆయన నవ్వు కాస్త వంకర పోయింది. "ఏటే, నిజంగానా?" అన్నారు. "నిజమే," అన్నాను. అందరూ చూస్తున్నారు. పక్కింటి పెళ్ళికి వెళ్ళి చెప్పులు పోగొట్టుకున్న మనిషిలా ఒక క్షణం నిలబడి, "సర్లెండి, నాకు మోకాలు కూడా పట్టీసింది," అని పెట్టె మీద కూర్చున్నారు. మోకాలు పట్టలేదు. నాకు తెలుసు. పరువు కోసం అన్నారు. పోనీ, అన్నారు కదా.

నన్ను మా బ్లాకులో సామాన్ల గౌరి అంటారు. ఇంకో గౌరి ఉండేది, ఆమె భర్త ప్లాంటులో పట్టాలు చేసే రైల్ మిల్లులో పనిచేసేవాడు, ఆమె రైలు గౌరి, నేను సామాన్ల గౌరి. వెక్కిరింత కాదు, ముద్దే. ప్లాంటు వాళ్ళు నాలుగేళ్ళకోసారి కుటుంబంతో దేశం చూసి రమ్మని ఎల్టీసీ ఇచ్చేవారు. బ్లాకంతా కలిసి బయల్దేరేవాళ్ళం. స్టవ్వుతో, కుక్కర్లతో, పచ్చళ్ళతో, ఊరి బియ్యంతో. హోటలు తిండి మనవాళ్ళకి పడదు. అన్ని సామాన్లుంటే ఒక మనిషి వాటి దగ్గర ఉండాలి కదా. ఉన్నాను. కోటల దగ్గర, కొండల దగ్గర, సముద్రం మధ్యలో రాయి ఉన్నచోట ఒడ్డున. వాళ్ళు వెళ్ళేవారు, నేను ఉండేదాన్ని. వాళ్ళు వచ్చేసరికి అన్నం వార్చి, చారు పెట్టి ఉంచేదాన్ని. దేశమంతా నాకు కింది నుంచి తెలుసు. ఏ కొండ మెట్లు ఎత్తో దిగొచ్చేవాళ్ళ మోకాళ్ళు చూసి చెప్పగలను. ఏ గుళ్ళో తొక్కిసలాటో ఆడవాళ్ళ జడలు చూసి చెప్పగలను. పైన ఏముందో మాత్రం ఎవరి ముఖంలోనూ కనిపించేది కాదు.

ఫోను. కొంగున ముడేసుకున్న ఫోను మోగుతోంది. ఆయనే.

"గౌరీ, ఆవకాయ జాడీ మూత ఊడిపోయిందే. నూనె కారిపోతంది. ఏటి చెయ్యమంటావు?"

"మూత పెట్టండి."

"పెడితే నిలబడ్డం లేదు."

"గుడ్డ కట్టండి. నా పాత జాకెట్టు గుడ్డ ఉంటుంది, ఎర్ర సంచీలో."

"ఎర్ర సంచీలు రెండున్నాయి."

"రెండూ వెతకండి," అని పెట్టేశాను. ఆ నూనె ఇసకలోకి కారుతుంటే నా కాళ్ళు కిందకి లాగుతున్నాయి, నిజంగానే లాగుతున్నాయి, ఎవరో కుచ్చిళ్ళు పట్టుకున్నట్టు. పప్పునూనె. నేను స్వయంగా ఆడించి తెచ్చింది. ఏం కాదు. కారితే కారుతుంది. ముందు మణిమాల వెళ్తోంది, దాని వీపు చూస్తూ నడు. మణిమాల మొగుడు నందిని గనుల్లో చేసేవాడు. గని కాలనీలో కాపరం చేసినన్నాళ్ళూ ఇది ఆ దిబ్బల మీద మేకపిల్లలా తిరిగేదట. ఇప్పుడు వైశాలి నగర్లో సొంత ఇల్లు, షుగరు, బీపీ. అయినా వెనక్కి తిరిగి, "ఓలమ్మో గౌరీ, బూట్లేసుకున్న పెళ్ళికొడుకులా ఉన్నావే," అంటోంది. దానికి ఆయాసమొస్తోంది, మాట మాటకీ ఆగుతోంది, ఆగినా నవ్వుతోంది.

మొట్టమొదటి ఎల్టీసీ ఈ కొండకే. అప్పటికి నాకు పెళ్ళయి నిండా ఏడాది లేదు. విజయనగరం దాటి ఎటూ వెళ్ళని దాన్ని భిలాయి తెచ్చి పడేశారు. రాత్రిపూట ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడితే ఇల్లు కాలుతోందని కేకేసిన దాన్ని. అలాంటి దాన్ని మళ్ళీ రైలెక్కించి ఎడారికి తెచ్చారు. మా అత్త కన్నమ్మ కూడా వచ్చింది. ఈ జమ్మిచెట్టు కిందే, ఇదే, కాకపోతే అప్పుడు కాస్త చిన్నది, సామాన్లన్నీ దింపి, "మన పిల్లుంది కదా, కదలదు. కళ్ళు మూసుకుని ఒగ్గీయచ్చు," అంది అందరి ముందూ. నా బుగ్గలు వేడెక్కాయి. ఆ ఇంట్లో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. పొంగిపోయి సామాన్ల చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి కూర్చున్నాను. ఎండ చెట్టులోంచి చుక్కలు చుక్కలుగా పడుతోంది. జమ్మి ఆకులు చూసి, అరే ఇది మనదే, ఇక్కడికెలా వచ్చిందని దాంతో కాసేపు మాట్లాడాను. తర్వాత చాలాకాలానికి, కన్నమ్మ మంచం పట్టినప్పుడు చెప్పింది, పుష్కరాలకి వెళ్తే తను కూడా అంతేనట, వాళ్ళత్త మూటల దగ్గర కూర్చోబెట్టేదట, నది చప్పుడు వినడమే గాని చూడలేదట. "నువ్వొచ్చేక లేచేనే నేను," అంది. లేచి ఎక్కడికెళ్ళావత్తా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అప్పటికే మా అమ్మాయి అమ్ముకి పద్నాలుగేళ్ళు, దాన్ని కూర్చోబెట్టాలని ఒకసారి చూస్తే, "మై నహీ బైఠూంగీ మమ్మీ, క్లోక్ రూమ్ లేదా?" అని ఎగిరింది. అక్కడ తెగింది ఆ దారం. తెగడం మంచిదే. కాని నా చివర నా చేతిలోనే ఉండిపోయింది.

ఆ మొదటి రోజు వాళ్ళు దిగొచ్చాక, అన్నాలు తిన్నాక, ఆయన చెయ్యి కడుక్కుంటుంటే నీళ్ళు పోస్తూ అడిగాను, "పైన ఏటుందండీ?" అని. "ఏటుంటాది? ఏటీ లేదు. రాళ్ళే," అన్నారు. తర్వాత ప్రతి ఊళ్ళోనూ అడిగాను, ప్రతి ఊళ్ళోనూ అదే. ఏటీ లేదు, నీకేటీ పోలేదు. ఓదార్పుగానే అనేవారు, అది నాకు తెలుస్తూనే ఉండేది. ఇంటి దగ్గరా అంతే. బొగ్గుని కాల్చి కోకు చేసే కోక్ ఓవెన్లో ఆయన డ్యూటీ. నైట్ షిఫ్టు చేసి, కనుబొమల్లో మసితో, చొక్కాకి తారు వాసనతో వచ్చి కూర్చుంటే, "ఏటి విశేషం?" అని అడిగేదాన్ని. ఏటీ లేదు. అన్నం పెట్టు. అలా ఎన్నో ఏళ్ళు. ఆఖరికి ఒకసారి కుటుంబాల వాళ్ళకి ప్లాంటు చూపించారు. తలకి టోపీలు పెట్టి, గీతలు గీసిన దారుల్లో నడిపించి కోక్ ఓవెన్ల ఎదురుగా నిలబెట్టారు. తలుపు తీశారు. లోపల గోడ. నిప్పుతో కట్టిన గోడ, మేడంత ఎత్తు, మెల్లగా ముందుకి జరిగి, అంచు దాటి, ఒక్కసారి విరిగి వాగన్లోకి కూలింది. ముఖం మీద వేడి చెయ్యిపెట్టి తోసినట్టయింది. నా పక్కన అమ్ము గుక్కపట్టి ఏడ్చింది. ఆయన చెక్క అట్టలు కట్టిన బూట్లతో ఆ పైన, ఆ వేడి నేల మీద, బజారుకెళ్ళే మనిషిలా నడుస్తున్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక కూడా, కళ్ళారా చూశానని తెలిసి కూడా, అదే మాట. ఏటీ లేదే, రోజూ ఉన్నదే కదా. అప్పట్నుంచి ఆయన ఏటీ లేదంటే నాకు నమ్మకం పోయింది. ఏమీ లేని చోటే ఏదో ఉంటుందనిపించేది. ఈ కొండ గురించి మరీను. కూర తరుగుతుంటే, దోశ తిప్పుతుంటే, ఇది కళ్ళముందుకొచ్చేది. అంత పెద్ద నిప్పుగోడని ఏటీ లేదన్న మనిషి, ఈ కొండ మీద దేన్ని చూసి ఏటీ లేదన్నారో!

ఊపిరి. ముక్కుతో తీసుకో, నోరు తెరవకు, నోరు తెరిస్తే గొంతు ఎండిపోతుంది. ఇది ఆయన చెప్పిందే, కోక్ ఓవెన్ వాళ్ళ పద్ధతి. నీళ్ళు కూడా దాహమేశాక కాదు, వేయకముందే, చిన్న గుక్క, ఉప్పు వేసిన నీళ్ళు. సీసా తీసి గుక్క తాగాను. ఆయన చెప్పినవన్నీ పట్టుకుని ఆయన లేకుండా ఎక్కుతున్నాను. ఎండ ఇంకా మెత్తగానే ఉంది, కాని రాయి వేడెక్కడం మొదలైంది. చెయ్యి ఆనిస్తే తెలుస్తోంది. ఒక తొండ నన్ను చూసి తల రెండుసార్లు ఊపి పగుల్లోకి పోయింది. కుడివైపు పొద్దు, ఎడమవైపు నా నీడ, నీడకి కూడా పెద్ద బూట్లు. అమ్ము మూడో తరగతిలో ఉన్నప్పుడు మా కుటుంబం అని బొమ్మ గీసింది. కొండ, కొండ మీద నాన్న, నాన్న భుజాల మీద తను. కొండ కింద మూటలు, మూటల మీద చిన్నగా నేను. వాళ్ళ టీచరు, ఈ కూలీ ఎవరమ్మా అని అడిగిందట. అమ్ము నవ్వుకుంటూ వచ్చి చెప్పింది. నేనూ నవ్వాను. ఆ బొమ్మలో నా ముఖం గీయడానికి చోటు సరిపోలేదు, ఒక చుక్క పెట్టింది, అంతే. ఇప్పుడు కింద ఆ చుక్క ఆయన. నడు.

మలుపు తిరగ్గానే గొడుగులా ముందుకి వంగిన ఒక పెద్ద బండ, దాని కింద నీడ, నీడలో చల్లగాలి. సూర్యారావన్నయ్య, మిగతా మగవాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు. తువ్వాలు పరిచారు. తువ్వాలు మీద పేకముక్కలు. ఆడవాళ్ళు నలుగురు బండకి చేరబడి వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. సేద తీరుతున్నారు కాబోలనుకున్నాను.

"ఏటన్నయ్యా, ఆగిపోయారు?"

"ఆగడమేటమ్మా, వచ్చీసాం కదా."

"ఎక్కడికి?"

"పైకి," అని ముక్క తీసి నేలకేశాడు.

తలెత్తి చూశాను. బండ అవతల కొండ ఇంకా అంత ఉంది. చివర, ఆకాశానికి ఆనుకున్న చోట, సూదిలా.

"అదీ పైన అంటే. ఇది సగమే కదా."

"దాని మానాన దాన్నుండనీ చెల్లెమ్మా. మన ఎల్టీసీ ఇక్కడికే. మొదటిసారి వచ్చినప్పుడూ ఇక్కడికే. గాలి బాగుంటాది, ఓ రెండాటలేసుకుని, ఫొటో తీయించుకుని, దిగీడం. ఎక్కడికెళ్ళినా మన లెక్క అంతే."

"ఎక్కడికెళ్ళినా?"

"మరి? మెట్లన్నీ ఎక్కితే దిగి నీ చేతి అన్నం తినడానికి ఓపికుండొద్దూ!" అందరూ నవ్వారు. నా అన్నాన్ని మెచ్చుకున్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసి కూర్చున్నది వీళ్ళు వీపు తిరిగి పేకాడుతున్న చోటు కోసమా? అన్నం వార్చి, మూత పెట్టి, ఈగలు తోలుతూ, పైకి చూస్తూ, ఇప్పుడు చివర దాకా చేరుంటారు, ఇప్పుడు అంతా చూస్తుంటారు, నాలుగు దిక్కులూ చూస్తుంటారు అనుకుంటూ. మణిమాల కూలబడి, "నీకు తెలీదేటే? నాకూ తెలీదులే. మీతో మా ఆయనొక్కడే వచ్చేవోడు, ఎప్పుడూ సెప్పలేదు," అంది. అని, బండ వైపు వేలు చూపించి, "అదేటో సూడు," అంది. బండ లోపలి గోడ నిండా పేర్లు, మేకుతో గీకినవి. హిందీలో, ఏవేవో లిపుల్లో, మధ్యలో తెలుగులో. సూర్యారావు. భిలాయి. ఆ కిందగా, నాకు తెలిసిన చేతిరాత, చకారం తోక ఎప్పుడూ పొడుగ్గా లాగే చేతిరాత, చిన్నారావు, గౌరి. పక్కపక్కనే. మా పెళ్ళయి నిండా ఏడాది లేదప్పుడు. పేకాట మధ్యలో లేచి, మేకు వెతుక్కుని, ఈ గట్టి రాయి మీద అంత సేపు గీకి, దిగొచ్చి, నేను నీళ్ళు పోస్తుంటే చేతులు కడుక్కుని, ఏటీ లేదన్నారు. ఇదీ ఏటీ లేనిదే ఆయనకి. ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టాను. రాయి చల్లగా ఉంది. కోపం తెచ్చుకుందామంటే కోపం నిలబడదు, పోనీ పొంగిపోదామంటే అదీ కాదు. నేను కింద ఇసకలో కూర్చునుండగా నా పేరు ఇంతదాకా ఎక్కి వచ్చి, ఇక్కడ ఆగిపోయి, ఇన్నేళ్ళుగా సగంలో కూర్చుని ఉంది.

"నేను పైకెళ్ళొస్తాను," అన్నాను.

ఈల మోగింది. "గౌరమ్మా, దారి లేదక్కడ. పడితే నా ప్రాణం మీదకొస్తాది. మీ ఆయనకి నేనేటి చెప్పుకోను?"

"సామాన్లు జాగ్రత్తగా చూడమని చెప్పండి."

మణిమాల లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. "నావల్ల కాదే అమ్మీ. నువ్వెళ్ళు. పాదం అడ్డంగా ఎయ్యి. కాలు జారితే కూకుండిపో, నిలబడ్డానికి సూడకు." తర్వాత మగవాళ్ళ వైపు జరిగి, "నాకూ ముక్కలెయ్యండి. ఆ పిల్ల దిగొచ్చే లోపు మీ అందరి తాట తీస్తాను," అంటోంది. బండ దాటేశాను. వాళ్ళ మాటలు కాసేపు వినిపించాయి, తర్వాత గాలి మిగిలింది.

దారి లేదు, నిజమే. మేకలు నడిచిన జాడ ఉంది, అదీ కొంతదూరం పోయి చెదిరిపోయింది. పొద్దున్న బయల్దేరినప్పుడు వాళ్ళు చూసిందేదో నేనూ చూడాలని బయల్దేరాను. వాళ్ళ వెనకాల, ఆలస్యంగా, కనీసం ఇప్పుడైనా అని. ఇప్పుడు వెనకాల అన్నదే లేదు. ఇక్కణ్ణుంచి పైకి నాకు తెలిసినవాళ్ళెవరూ నడవలేదు. కన్నమ్మ నడవలేదు, ఆయన నడవలేదు, ఈల నడవలేదు. ఆ మాటకి కాళ్ళలోకి ఏదో కొత్త బలం వచ్చింది, దాంతోపాటు భయమూ వచ్చింది, రెండూ ఒకే చోట నుంచి వచ్చినట్టున్నాయి. రాళ్ళు ఇక్కడ పలకలు పలకలుగా విడిపోయి ఉన్నాయి, అడుగేస్తే పళ్ళాలు దొర్లినట్టు చప్పుడు. చీర కొంగు నడుముకి బిగించాను. కుచ్చిళ్ళు పైకి దోపాను. ఎవరు చూస్తారు, తొండలా? అడ్డంగా. నొక్కు. ఎత్తు. అడ్డంగా. నొక్కు. దోశ వేసేటప్పుడు మొదటిదాని గురించే బెంగ, తర్వాత చెయ్యి దానంతటదే తిరుగుతుంది. అలాగే. అడ్డంగా. నొక్కు.

నొక్కలేదు. ఒక్కసారి, ఆ ఒక్కసారి మరిచిపోయాను. పలక కదిలింది, నా కింద నుంచి మొత్తం ఒక అరుగు లాగేసినట్టు జారింది, మోకాలు రాతికి కొట్టుకుంది, అరచేతులు గీసుకుపోయాయి. కూచుండిపో, కూచుండిపో. కూలబడ్డాను. అయినా కిందకి జారుతూనే ఉన్నాను, రాళ్ళతోపాటు. అప్పుడు కుడి బూటు ముందుభాగం ఏదో పగుల్లోకి పోయి ఇరుక్కుంది. ఇనప తొడుగు రాతిని పట్టుకుంది. ఆగిపోయాను. నా పక్కనుంచి చిన్నరాళ్ళు గంతులేస్తూ దిగిపోయాయి, చాలాసేపు. సరిగ్గా అప్పుడు కొంగులో ఫోను. మోగుతోంది. ఆయనకి ఎర్ర సంచీ దొరికి ఉండదు. లేకపోతే మేకలు వచ్చి దుప్పట్లు లాగుతున్నాయేమో, ఇక్కడ మేకలు గుడ్డలు కూడా తింటాయి. లేకపోతే ఎండ తగిలి ఆయనకే ఏమైనా అయిందా? ఆ కుప్ప దగ్గర ఎండలో పడిపోతే చూసేదెవరు, డ్రైవరు తప్ప? ఒక్క మాట అంటే చాలు, వచ్చేస్తున్నానండీ అంటే చాలు, ఇలాగే కూర్చునే మెల్లగా దిగిపోవచ్చు. మోకాలు కూడా పగిలింది, మంచి కారణమే, ఎవరూ ఏమీ అనరు. అప్పుడే వచ్చీసావేటే అని నవ్వుతారు, అన్నం వార్చుకోవచ్చు. ఫోను మోగి, మోగి, ఆగింది. మళ్ళీ మోగింది. నా అరచేతిలో సన్నగా నెత్తురు. ముడి విప్పలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి, ఆయన పిలుస్తుంటే వింటూ, పలక్కుండా కూర్చున్నాను. ఆగిపోయాక, ఆ నిశ్శబ్దంలో నాకేమీ అవలేదు. కొండా ఏమీ అనలేదు. ఉప్పునీళ్ళు ఒక గుక్క తాగి, బూటు లాక్కుని, చేతులు కూడా ఆనించి, నాలుగు కాళ్ళ జంతువులా ఎక్కడం మొదలుపెట్టాను.

ముందు వాసన వచ్చింది. పోపు వాసన. మాడని పోపు, జీలకర్ర చిటపటమనే ముందు ఉండే వాసన. పిచ్చెక్కుతోంది నాకు, అనుకున్నాను. ఎండ తలకెక్కితే ఇలాగే అవుతుంది కాబోలు. కొండ కొమ్ము మీద కూడా వంటిల్లే వదల్లేదు నన్ను. ఇంకో నాలుగు బారలు. గాలి అవతలి నుంచి ముఖాన కొడుతోంది, వాసన ఇంకా చిక్కబడింది. చెయ్యి చాచితే పట్టుకోవడానికి రాయి లేదు. రాయి అయిపోయింది. మోకాళ్ళ మీద పాకి, లేచి, నిలబడ్డాను.

పైన ఏమీ లేదు. మా నడవంత చోటు, గాలికి నున్నబడ్డ రాయి, పక్షిరెట్టలు. ఆయన చెప్పిందే నిజం, రాళ్ళే. చూడకుండానే సరిగ్గా చెప్పారు. కాని కొండకి అవతలి పక్క ఉంది. ఆ సంగతే నాకు ఎప్పుడూ తట్టలేదు, కింద కూర్చున్నన్నాళ్ళూ కొండంటే నా వైపుకున్నదే అనుకున్నాను. అవతల, కొండ దిగిన చోటు నుంచి కంటికి ఆనినంత మేరా, ఇసక మధ్యలో ఇసక లేకుండా, చేలు. లేత పచ్చ, పండిన చోట బంగారు పచ్చ, మడులు మడులుగా, అక్కడక్కడ ఆడవాళ్ళ ఎర్ర ఓఢనీలు వంగి కోస్తున్నాయి, కోసినవి కుప్పలు వేస్తున్నాయి. పొద్దున్న టీ తాగిన చోట లారీలు వరసగా నిలబడి ఉంటే డ్రైవరు అన్నాడు, జీరా కా మౌసం హై అమ్మా, అని. నేను సామాన్లు లెక్క చూసుకుంటూ ఊఁ అన్నాను. జీలకర్ర. జీవితమంతా రోజూ ముట్టుకుని, ఎక్కడ పండుతుందని ఒక్కసారి కూడా అనుకోని జీలకర్ర. నేను పోపుల డబ్బా పెట్టుకుని కొండకి ఈవైపు కూర్చున్నాను, అవతలి వైపంతా ఇది పండుతూ ఉంది. చెంపల మీద తడి, గాలికే ఆరిపోతోంది. ఏడుపని కూడా అనలేను.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ముడి విప్పాను.

"ఎక్కడున్నావే? సూర్యారావు ఫోన్ చేసేడు, ఒక్కర్తివీ పైకెళ్ళిపోయేవని. పడ్డావేటి? ఎందుకెత్తవు?"

"పడలేదు. పైనున్నాను."

"ఏ పైన?"

"పైనే. చివర."

నేను ఇన్నేళ్ళు అడిగిన గొంతుతోనే అడిగారు, "ఏటుంది అక్కడ?"

"జీలకర్ర."

"ఏటి?"

"జీలకర్రండీ. వచ్చి చూడండి."

"ఇప్పుడా? మోకాలు..."

"మోకాలు బాగానే ఉంది మీకు. ముక్కుతో ఊపిరి తీసుకుంటూ రండి. బండ దగ్గర ఆగొద్దు. పేర్లు చూశాను. ఆగకుండా రండి."

పెట్టె కిర్రుమన్న చప్పుడు, లేచినట్టున్నారు.

"మరి సామాన్లో?"

కిందకి చూశాను. జమ్మిచెట్టు, కుప్ప, కుప్ప పక్కన నిలబడి తలెత్తి ఇటే చూస్తున్న తెల్ల చుక్క. మూత కట్టారో లేదో ఇక్కడికి తెలియదు.

"ఉండనీండి," అన్నాను.

ఫోను కొంగున ముడేశాను. ఆయన కదిలారో లేదో చూడలేదు. చెట్టుకీ సామాన్లకీ వీపు తిప్పి, బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, చేల వైపుకి కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.